విశాఖ నుంచి ఒక్క రోజు ప్రయాణం: అరకుకా, భీమిలికా, ఏటికొప్పాకకా, శ్రీకూర్మానికా?

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంటుంది. హైదరాబాదు నుంచి పెద్దమ్మ కొడుకు, బెంగళూరు నుంచి చిన్ననాటి స్నేహితురాలు, విజయవాడ నుంచి మా ఆడపడుచు. అందరి ప్రశ్నా ఒకటే. "విశాఖలో మూడు రోజులుంటాం. ఒక రోజు ఊరు దాటి ఎటైనా వెళ్లి రావాలి. ఎటు వెళ్తే బాగుంటుంది?" నేను నోరు తెరిచేలోపే జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు: "అరకే కదా!"

అరకు అందాన్ని నేను కాదనను. కానీ ఒక్క రోజు మాత్రమే చేతిలో ఉన్న ప్రతివారికీ అరకే సరైనదంటే ఒప్పుకోలేను. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, వచ్చిన చుట్టాలను నాలుగు దిక్కులా తిప్పి చూపిస్తూ నేను తెలుసుకున్నది ఒక్కటి ఉంది. ఈ తీరంలో ప్రయాణాన్ని కిలోమీటర్లతో కాదు, ఎండతో కొలుచుకోవాలి. అందుకే ఎవరడిగినా ముందు నేనొక ఎదురు ప్రశ్న వేస్తాను: మధ్యాహ్నం పన్నెండు గంటలకు మీరు ఎక్కడ ఉండబోతున్నారు?

విశాఖ ఎండ అనంతపురం ఎండలాంటిది కాదు. అక్కడ మాడుతుంది, ఇక్కడ ఉడుకుతుంది. సముద్రపు తేమ వల్ల ఒంటి మీది చెమట ఆరదు. మార్చి వచ్చేసరికే పది దాటాక బయట నిలబడటం కష్టం. జనవరిలో కూడా ఆరుబయట మిట్టమధ్యాహ్నం పిల్లలు చిరాకు పడతారు. కాబట్టి ఇక్కడ రోజుకు పనికొచ్చే ముక్కలు రెండే: తెల్లవారిన దగ్గరి నుంచి పది వరకు, నాలుగు నుంచి దీపాలు పెట్టే వేళ వరకు. నడుమనున్న ఆరు గంటలకూ ఏదో ఒక నీడ కావాలి. అది గుహ కావచ్చు, గుడి మండపం కావచ్చు, పనివాళ్ల పాక కావచ్చు, కదిలే రైలుపెట్టె అయినా సరే. ఈ సంగతి తెలియక ఒక ఏప్రిల్‌లో మా అత్తగారిని పదకొండు గంటలకు భీమిలి దారిలోని తొట్లకొండ ఎక్కించాను. అక్కడ తలదాచుకోవడానికి సరైన నీడ దొరకలేదు. ఆవిడ కళ్లు తిరిగి ఓ రాతి మీద కూర్చుండిపోయారు. ఆ రోజు నాకు వేసిన భయం ఇంకా మరచిపోలేదు. ఆ తర్వాత ఏ ప్రయాణానికైనా మధ్యాహ్నపు నీడ ఎక్కడో చూసుకున్నాకే మిగతా లెక్కలు.

భీమిలి దారి: రెండు ముక్కలుగా కోసుకోగల రోజు

విశాఖ నుంచి భీమిలి, అంటే భీమునిపట్నం, పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. సముద్రాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని సాగే రోడ్డు. దూరం తక్కువ కావడమే దీనికి పెద్ద బలం. పొద్దున్నే వెళ్లి చూసుకుని, ఎండ ముదిరేలోపు ఇంటికో హోటలుకో చేరి, భోంచేసి కునుకు తీసి, సాయంత్రం మళ్లీ బయల్దేరవచ్చు. మిగతా ఏ ప్రయాణానికీ ఈ వెసులుబాటు లేదు.

పొద్దుటి ముక్కను తొట్లకొండకు ఇవ్వండి. ఊరి నుంచి పదహారు కిలోమీటర్లు, సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు. 1970లలో నౌకాదళం వారు స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే ఈ కొండ మీది శిథిలాలు కంటబడ్డాయి. 1988 నుంచి 1992 దాకా తవ్వకాలు జరిపితే రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం బయటపడింది. స్తూపం, చైత్యగృహాలనే పూజామందిరాలు, భిక్షువుల గదులు, భోజనశాల, వంటశాల. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే మన రేవులకు వచ్చిన ఓడలతో ఈ కొండకు ఏదో బంధం ఉందన్నమాట. పేరు మాత్రం బండలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. పక్కనే ఉన్న బావికొండకు బావుల వల్ల పేరు వచ్చినట్టే. వెళ్లినవాళ్లు స్తూపం ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. మీరు ఆ తొట్ల దగ్గర కాసేపు నిలబడండి. వానాకాలమంతా ఒకే చోట గడిపే భిక్షువులు, ఎదురుగా అంతులేని ఉప్పునీరు పెట్టుకుని, తాగే నీటిని ఈ బండ గుండెలో దాచుకున్నారు. నాకైతే ఆ కొండ మీద అన్నిటికంటే గొప్ప కట్టడం అదే. 2019 వానలకు మహాస్తూపం కొంత కూలితే మళ్లీ కట్టారు. పిల్లల్ని గోడల మీదికి ఎక్కనివ్వకండి.

సాయంత్రపు ముక్క ఎర్రమట్టి దిబ్బలకు. గాలీ, సముద్ర మట్టం హెచ్చుతగ్గులూ, వాననీరూ కలిసి వేల ఏళ్లుగా చెక్కిన ఎర్ర ఇసుక తిన్నెలివి. ఇలాంటివి తమిళనాడు తీరంలోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి గానీ మన తీరంలో ఇవే. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. నాలుగున్నర దాటాక ఏటవాలు వెలుతురు పడితే ఒక్కో మడతా ఒక్కో ఎరుపు చూపిస్తుంది: ఇటుక రంగు, కుంకుమ రంగు, నీడలో ఉన్న చోట ఎండు మిరపకాయ రంగు. చేత్తో తాకితే రాలిపోయేంత మెత్తన. అందుకే బాధతో చెబుతున్నాను, అంచుల మీదికి ఎక్కి దూకకండి, గోడల మీద పేర్లు చెక్కకండి. మనం ఒక్క నిమిషం సరదా పడితే ఒక అంచు విరిగిపోతుంది. అది మళ్లీ కట్టుకోదు.

చీకటి పడేలోపు భీమిలి చేరుకుంటే డచ్చివారి సమాధులు, పాత దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడవచ్చు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇది. ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు, అంత నెమ్మదిగా ఉంటుంది. ఆ నెమ్మది కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్తాను.

ఒక హెచ్చరిక. ఈ తీరంలో అలలు చిన్నవిగా కనిపించినా అడుగున లాగే ప్రవాహం ఉంటుంది. ఏటా ప్రాణాలు పోతున్నాయి. మోకాళ్లు దాటి దిగవద్దు. నీళ్లలో ఆడాలని పిల్లలు పట్టుబడితే, కాపలావాళ్లు ఉండే రుషికొండలో, వాళ్లు చూపించిన హద్దులోనే.

అరకు: ఒక్క రోజుకు సగం అరకే సరిపోతుంది

రోడ్డు మీద విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. సగం దారి ఘాట్ రోడ్డు. వెళ్లడానికి మూడున్నర గంటలు, రావడానికి అంతే. తెల్లవారి ఆరుకు బయల్దేరి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరితే, అందులో ఏడెనిమిది గంటలు కారులోనే. మలుపుల్లో పిల్లలు వాంతులు చేసుకుంటే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. డిసెంబరు ఆదివారాల్లో ఘాట్ మీద వాహనాల వరస కదలదు. చుట్టాలు తిరిగొచ్చి "బాగుంది గానీ అలసిపోయాం" అంటారు. వాళ్ల కబుర్లలో రోడ్డు తప్ప మరేదీ ఎక్కువగా వినిపించదు.

అయినా అరకే కావాలంటే నేను చెప్పే పద్ధతి ఇది. పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలు ఎక్కండి. 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి వేసిన దారి ఇది. మనుషుల విహారం కోసం వేసింది కాదు గనుక, కొండను ఎక్కడ తొలచాలో అక్కడ తొలుచుకుంటూ పోయారు. ఈ దారి మొత్తం మీద యాభైకి పైగా సొరంగాలు. శృంగవరపుకోట దాటి కొండ ఎక్కడం మొదలయ్యాక పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెడతారు, ముప్పై దగ్గర తప్పిపోయి మళ్లీ గొడవ పడతారు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు. దాని టికెట్లు చాలా ముందే అయిపోతాయి. దొరకకపోతే దిగులు పడకండి. మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది, సొరంగం దాటగానే అడవి వాసన ముఖాన కొడుతుంది. అద్దాల వెనక ఆ వాసన రాదు.

బొర్రా గుహలు స్టేషనులో దిగిపోండి. ఇక్కడే నా అసలు సలహా. ఒక్క రోజు ప్రయాణంలో అరకు ఊరి దాకా పోకండి. మిట్టమధ్యాహ్నానికి ఈ తీరప్రాంతంలో బొర్రా గుహను మించిన నీడ లేదు. సున్నపురాతి కొండను నీరు లక్షల ఏళ్లు తొలిస్తే ఏర్పడిన గుహ. పైనుంచి చుక్కచుక్కగా రాలే సున్నం కింద గడ్డకట్టి స్తంభాలైంది. అందులో ఒకదాన్ని శివలింగంగా కొలుస్తారు. గోస్తనీ పుట్టుక ఈ కొండల్లోనే. భీమిలిలో సముద్రంలో కలిసే ఆ ఏరు ఇదే. రెండు ప్రయాణాలూ వేర్వేరు రోజుల్లో చేస్తే ఒక నది మొదలూ చివరా చూసినట్టవుతుంది. గుహలోకి మెట్లు చాలా ఉన్నాయి, తడికి జారుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లవద్దు.

అక్కడి నుంచి కారులోనో జీపులోనో అనంతగిరి కాఫీ తోటల మీదుగా దిగి వచ్చేయండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియపు తీగలు. నవంబరు నుంచి జనవరి మధ్య వెళితే కొమ్మ కణుపు కణుపునా ఎర్రటి పళ్లు గుత్తులుగా ఉంటాయి. పండును నొక్కితే రెండు గింజలు బయటికి జారుతాయి. ఆ జిగురు తియ్యగా ఉంటుంది. అప్పటికింకా అందులో కాఫీ వాసన ఏమాత్రం ఉండదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని పండిస్తున్నది ఈ కొండల్లోని గిరిజన రైతులు. దారి పక్కన వాళ్లు అమ్మే మిరియాలు, పసుపు, రాజ్మా కొనండి. బొంగులో చికెన్ కూడా ఈ దారి పొడవునా దొరుకుతుంది. మీ ఎదుటే కాల్చి ఇస్తేనే తినండి.

మరి గిరిజన మ్యూజియం, థింసా నృత్యం, నవంబరు, డిసెంబరుల్లో లోయంతా పసుపు ఆరబోసినట్టు పూసే వలిసె చేలు? అవన్నీ ఒక రాత్రి ఉండేవాళ్లకు. లంబసింగి మంచు, వంజంగి మేఘాలు కూడా అంతే. తెల్లవారుజామున చూడాల్సినవాటిని విశాఖ నుంచి ఒక్క రోజులో కుదించుకోవాలని చూస్తే నిద్రలేని డ్రైవరుతో ఘాట్ రోడ్డు ఎక్కాల్సి వస్తుంది. ఆ పని చేయకండి.

బొజ్జన్నకొండ, ఏటికొప్పాక: నన్నడిగితే ఇదే

అరకు గురించి అందరికీ తెలుసు, ఈ దారి గురించి అడిగేవాళ్లే లేరు. పిల్లలున్న కుటుంబానికి నేను కళ్లు మూసుకుని చెప్పే ప్రయాణం ఇది. విశాఖకు నైరుతిగా నలభై కిలోమీటర్ల దూరంలో అనకాపల్లి, దాని పక్కనే శంకరం అనే ఊరు. శంకరం అంటే శివుడి పేరనుకుంటాం. అది సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువులు ఉండే మఠం. నాలుక మీద అరిగి అరిగి శంకరమైంది. అక్కడి కొండ బుద్ధుని కొండ, అది బొజ్జన్నకొండ అయింది. ఎదురుగా ఉన్న రెండో కొండ మీద రాతిలోనే చెక్కిన స్తూపాలు వరసలు వరసలుగా శివలింగాల్లా కనిపిస్తాయి గనుక అది లింగాలకొండ. మతం మారినా, మఠం మూతబడినా, ఊరివాళ్ల నోట పేర్లు బతికాయి. బ్రిటిష్ వారి కాలంలో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా ఇక్కడ భిక్షువులున్నారు.

తొట్లకొండకూ దీనికీ తేడా ఏమిటని అడుగుతుంటారు. తొట్లకొండలో మిగిలినవి ఎక్కువగా నేలమట్టపు పునాదులు. సముద్రం అందంగా ఉంటుంది గానీ, కట్టడాన్ని మనమే మనసులో నిలబెట్టుకోవాలి. బొజ్జన్నకొండలో అంతా కొండను తొలిచిందే. గుహ, అందులో స్తంభాలు, నడుమ ఒకే రాతిలో స్తూపం, గోడ మీద కూర్చున్న బుద్ధుడు. ఎనిమిదేళ్ల పిల్లవాడికైనా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. సముద్రం కావాలనుకునేవాళ్లు తొట్లకొండకు వెళ్లండి, శిల్పం కావాలనుకుంటే ఇక్కడికి రండి. ఎనిమిదింటికల్లా మెట్లు ఎక్కితే తొమ్మిదిన్నరకు దిగిపోవచ్చు.

అనకాపల్లిలో ఆగి బెల్లం కొనకుండా ముందుకు పోవద్దు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇది ఒకటి. మాడుగుల హల్వా కూడా ఇక్కడ దొరుకుతుంది. గోధుమ పాలతో చేసే ఆ హల్వా నాలుగు రోజులైనా నిలవ ఉంటుంది గనుక ఊరికి తీసుకెళ్లడానికి బాగుంటుంది.

ఎండ ముదిరే వేళకు వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక చేరండి. విశాఖ నుంచి మొత్తం అరవై అయిదు కిలోమీటర్లు. మధ్యాహ్నం పన్నెండుకు మీరుండేది లక్క బొమ్మల పనివారి పాకలో. అంకుడు కర్ర మెత్తనిది, తెల్లనిది, గాటు పడితే చీలదు. ఆ కర్ర ముక్కను లేతు మిషనుకు బిగించి తిప్పుతారు. ఉలి ఆనగానే సన్నటి పొట్టు రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. నిమిషంలో పిడత మెడ, ఇంకో నిమిషంలో దాని పొట్ట. అప్పుడు పనివాడు రంగు లక్క కడ్డీని తిరిగే కర్రకు నొక్కి పట్టుకుంటాడు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. కుంచె లేదు, తడి లేదు, ఆరబెట్టడం లేదు. చివర ఒక మొగలి ఆకు ముక్క తీసి అదిమి పడితే, అప్పటిదాకా మసకగా ఉన్న పిడత అద్దంలా మెరుస్తుంది. మా పాప ఆ మొగలి ఆకు దగ్గర గంటసేపు కదల్లేదు. ఇంటికి వచ్చాక స్టీలు గిన్నెను ఆకుతో రుద్ది చూసింది.

నడుమ కొన్నేళ్లు రసాయన రంగులు వచ్చి ఈ పని దెబ్బతింటే, మళ్లీ పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి సహజ రంగులకు మళ్లించడంలో ఆ ఊరి కళాకారుడు సి.వి.రాజు గారి కృషి పెద్దది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద చోటు దక్కాయి. అయినా అంకుడు కర్ర దొరకడం కష్టమవుతోందని పనివాళ్లు చెబుతూనే ఉంటారు. దయచేసి అక్కడ గీచి గీచి బేరమాడకండి. కొనేది నేరుగా చేసినవాళ్ల దగ్గరే కొనండి. సహజ రంగువి ఏవో అడిగి, పసిపిల్లలకైతే అవే తీసుకోండి. కొన్న బొమ్మల్ని ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి. లక్క వేడికి మెత్తబడుతుంది.

ఈ ప్రయాణంలో లోపం ఒకటుంది. చెప్పుకోదగ్గ హోటలు ఊళ్లో లేదు. అనకాపల్లిలో తినాలి, లేదా కట్టుకుని వెళ్లాలి. పులిహోర, పెరుగన్నం చాలు.

శ్రీకూర్మం, అరసవల్లి: పెద్దవాళ్లు వెంట ఉంటే

శ్రీకాకుళం 110 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే దూరం అరకుతో సమానం. కానీ ఇది చదునైన జాతీయ రహదారి, రెండు రెండున్నర గంటల్లో చేరతారు, నడుము నొప్పి రాదు. రెండింటికీ దూరం ఒకటే కదా అని చూసేవాళ్లకు నేను చెప్పేది ఇదే: పెద్దవాళ్లకు ఘాట్ రోడ్డు వంద కిలోమీటర్లూ, ఈ వంద కిలోమీటర్లూ ఒకటి కావు.

వేళ చూసుకోవడమే ఇక్కడ కీలకం. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు. పొద్దున్నే అరసవల్లి సూర్యనారాయణస్వామిని చూసుకుని, పది లోపు శ్రీకూర్మం చేరాలి. అరసవల్లిలో మార్చి రెండో వారం మొదట్లోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు లేకపోతేనే. ఆ రోజుల్లో జనం విపరీతం. ఆ క్షణం కోసమే వచ్చేవాళ్లు ముందు రాత్రే శ్రీకాకుళంలో ఉండిపోవడం మేలు.

శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు రూపంలో పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే రెండు ధ్వజస్తంభాలున్న అరుదైన గుడి ఇది. దర్శనం అయిపోగానే బయటికి వచ్చేయకండి. చుట్టు మండపం గోడల మీది పాత చిత్రాలు చూడండి. కొన్ని చోట్ల సున్నం పెచ్చులూడిపోయింది, కొన్ని చోట్ల ఒక కన్ను, ఒక చేయి, చీర అంచు మాత్రమే మిగిలాయి. మిగిలిన ఆ గీతలో ఉన్న పట్టు చూస్తే, పోయినదెంతో తలచుకుని గుండె బరువెక్కుతుంది. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను సాకుతారు. పిల్లలకు అదే గుడి.

మధ్యాహ్నం శ్రీకాకుళంలో భోజనం, విశ్రాంతి. నాలుగింటికి వంశధార ఒడ్డున శాలిహుండం కొండ. ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో లోకం దృష్టికి తెచ్చినది గిడుగు రామమూర్తి గారు. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగే. ఆయన శాసనాల కోసం ఈ కొండలూ గుళ్లూ కాలినడకన తిరిగినవారు. మనం ఈ రోజు ఇలా మాట్లాడినట్టు రాసుకుంటున్నామంటే అందులో ఆయన చలవ ఉంది. కొండ మీద నిలబడితే కింద వంశధార వెడల్పుగా, నిదానంగా సాగుతూ కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవడానికి పోతూ ఉంటుంది. పొద్దు వాలేలోగా కళింగపట్నం తీరానికి వెళ్లి తిరుగుముఖం పట్టండి.

నేత మీద ఇష్టమున్నవాళ్లు పనిదినాన వస్తే దారిలో పొందూరుకు మళ్లండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి నూలు వడికే ఊరు అది. ముఖలింగం గుళ్లను మాత్రం ఇదే రోజులో ఇరికించవద్దు. వాటికి వేరే రోజు కావాలి.

విజయనగరం, సింహాచలం గురించి రెండు మాటలు

విజయనగరం అరవై కిలోమీటర్లు. 1713లో కట్టడం మొదలైన కోట, గంటస్తంభం, 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా మొదలైన సంగీత కళాశాల, గురజాడ అప్పారావు గారి ఇల్లు. చదువుకునే అలవాటున్నవాళ్లకు ఇది తీర్థయాత్రే. ఆ అలవాటు లేని పిల్లలకు గంటలోనే విసుగొస్తుంది. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు ఊరంతా ఒకే మనిషిలా కదులుతుంది. చూడవలసిందే గానీ చంకలో పసిబిడ్డతో వెళ్లకండి.

సింహాచలం ఊళ్లోనే ఉన్నట్టు. దాన్ని ఒక పూటలో ముగించవచ్చు కాబట్టి పోలికలోకి తేలేదు. అక్షయ తృతీయ నాడు చందనం వలిచిన నిజరూపం కోసమైతే మాత్రం ఆ రోజంతా క్యూలైనుకే అనుకోండి.

మరి ఏది ఎంచుకోవాలి?

ముందు నెల చూడండి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి సగం దాకా నాలుగు దారులూ బాగుంటాయి. కాఫీ పళ్లున్నప్పుడు బొర్రా, అనంతగిరి అన్నిటికంటే ముందు. మార్చి నుంచి జూన్ వరకు భీమిలిని పొద్దుటికీ సాయంత్రానికీ మాత్రమే వాడుకోండి. రోజంతా బయట ఉండాలంటే గుహ ఉన్న బొర్రా, పాక ఉన్న ఏటికొప్పాక. వానల్లో కొండలు పచ్చగా ముచ్చటగా ఉంటాయి గానీ ఘాట్ మీద బండలు జారుతుంటాయి, రైలు కూడా ఆగిపోవచ్చు. అప్పుడు శ్రీకాకుళం దారే నమ్మకమైనది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు వింటూ ఉండండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద విరుచుకుపడిన రోజు మాకు ఇంకా నిన్నటిలాగే ఉంది. వాతావరణ శాఖ వద్దన్న రోజున తీరం వైపు అడుగు వేయకండి, టికెట్ల డబ్బు పోతే పోనివ్వండి.

తర్వాత వెంట వచ్చేవాళ్లను చూడండి. అమ్మా నాన్నలుంటే శ్రీకూర్మం. బడి పిల్లలుంటే ఏటికొప్పాక. అటు పెద్దవాళ్లూ ఇటు పసివాళ్లూ ఉంటే భీమిలి, ఎందుకంటే ఎవరికి నలతగా ఉన్నా గంటలోపే ఇల్లు చేరవచ్చు. కాళ్లలో సత్తువ ఉన్న కుర్రకారైతే రైల్లో బొర్రా. డబ్బు లెక్క చూసుకునేవాళ్లకు భీమిలికి సిటీ బస్సు, బొర్రాకు మామూలు రైలు చాలా చవక. ఏటికొప్పాక, శాలిహుండం రెండింటికీ సొంత బండి లేకపోతే ఆటోలు మారడంలోనే పూట గడిచిపోతుంది. నలుగురు కలిసి కారు మాట్లాడుకోవడం మంచిది.

ఈసారి మా ఆడపడుచు ఇద్దరు పిల్లలతో వస్తోంది. ఎప్పటిలాగే అరకు అంది. కనుమ నాడు బొజ్జన్నకొండ దగ్గర తీర్థం జరుగుతుంది, జాతరను మేమిక్కడ తీర్థమంటాం, ముందు అది చూద్దామన్నాను. ఏటికొప్పాకకు మాత్రం ఆ రోజు వద్దన్నాను. పండుగ పూట పనివాళ్లు మిషను ముట్టరు. ముక్కనుమ దాటాక ఇంకో రోజు ఉండేలా తిరుగు టికెట్టు మార్చుకోమని నిన్న రాత్రి ఫోనులో చెప్పాను. మార్చుకుంది. చిన్నవాడికి లక్క పిడతలు కావాలట. పెద్దదానికి ఆ మొగలి ఆకు చూడాలట.